కంట్లో పెరిగేదంతా కండ కాదు



మన రాయచోటి చుట్టుపక్కల పల్లెల్లో శెనక్కాయ చేలల్లో కలుపు తీసేవారు, గొర్రెలు మేపేవారు, బేల్దారి పనికి పోయేవారు ఎక్కువ. కువైట్ వెళ్ళి ఎండలో కష్టపడేవారూ ఉన్నారు. ఇలాంటివారి కంటిలో ముక్కువైపు నుంచి ఎర్రని కండ నల్లగుడ్డు మీదికి పాకడం చూస్తుంటాం. డాక్టర్లు దీన్ని టెరీజియం అంటారు. ఇది క్యాన్సర్ కాదు. కానీ ఇలాగే కనిపించే మరొక గడ్డ ఉంది. అది క్యాన్సర్. తేడా తెలియక ఆలస్యం చేస్తే కన్నే తీసేయాల్సి రావచ్చు.

ఎలా పుడుతుంది?

తెల్లగుడ్డును కప్పి కంజంక్టైవా అనే పల్చని పొర ఉంటుంది. నల్లగుడ్డు మీద గాజులాంటి కార్నియా ఉంటుంది. ఈ రెండూ కలిసే అంచును లింబస్ అంటారు. అక్కడి కణాలు జీవితాంతం విభజన చెందుతూనే ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటి డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తే ఆ విభజన అదుపు తప్పుతుంది. అందుకే ఈ గడ్డ ఎక్కువగా ఎండ తగిలే ఆ అంచు దగ్గరే వస్తుంది. మొదట పైపొరకే పరిమితమై ఉంటుంది. వదిలేస్తే కంటి లోపలికి, కంటి గూటిలోకి చొచ్చుకుపోతుంది.

హెచ్.ఐ.వి. వల్ల రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఇది చిన్న వయసులోనే రావచ్చు. కనుక డాక్టరు రక్తపరీక్ష రాస్తే అవమానంగా భావించరాదు. జీరోడెర్మా పిగ్మెంటోజం అనే జన్యువ్యాధి ఉన్న పిల్లలకు కూడా ఈ ముప్పు ఉంది. వీరికి ఎండ సోకితే చర్మం నిండా మచ్చలు పడతాయి. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ వ్యాధి కలుగుతుంది కాబట్టి మేనరికాల్లో దీనికి అవకాశం ఎక్కువ.

ఎలా గుర్తించాలి?

మామూలు కండ త్రికోణంగా, నునుపుగా, ఏళ్ళ తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని నెలల్లోనే పెరిగినా, జిగురుముద్దలా ఉబ్బినా, పైన సున్నం అంటినట్టు తెల్లగా ఉన్నా, లావాటి రక్తనాళాలు దానివైపు వస్తున్నా అనుమానించాలి. కంట్లోని పుట్టుమచ్చ పెద్దవాళ్ళలో కొత్తగా పెరిగినా చూపించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు.

డాక్టరు స్లిట్ ల్యాంప్‌తో చూస్తారు, రెప్పలు తిప్పి చూస్తారు. రోజ్ బెంగాల్ వంటి రంగుమందు వేస్తే పాడైన కణాలు రంగు పట్టి బయటపడతాయి. ఓ.సి.టి. స్కాన్‌లో పొర మందం తెలుస్తుంది. చివరి తీర్పు మాత్రం బయాప్సీదే.

చికిత్స

చిన్న గడ్డను సాధారణంగా చుట్టూ 4 మిల్లీమీటర్ల ఆరోగ్యమైన పొరతో కలిపి ఒకే ముక్కగా తీస్తారు. గడ్డను పరికరంతో నేరుగా తాకరు. తాకితే కణాలు చెదిరి వేరేచోట నాటుకుంటాయి. మిగిలిన అంచులను గడ్డకట్టించి, కరగనిచ్చి, మళ్ళీ గడ్డకట్టిస్తారు. ఈ చలికి మిగిలిన క్యాన్సర్ కణాలు చనిపోతాయి. ఖాళీ పెద్దదైతే ఉమ్మనీటి సంచి పొరను అతికిస్తారు. కాన్పు తర్వాత మనం పారేసే మాయలోని పొరే అది! కొందరికి కోత అవసరం లేకుండానే మైటోమైసిన్, 5-ఫ్లోరోయురాసిల్ వంటి చుక్కల మందులతో గడ్డ కరుగుతుంది. మళ్ళీ వచ్చే గుణం ఉంది కనుక చెప్పిన తేదీలకు పోవాలి.

డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో ప్రారంభించిన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కంటి క్యాన్సర్లకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడి డాక్టర్ స్వాతి కలికి బృందం ఈ గడ్డలకూ హెచ్.ఐ.వి.కీ గల సంబంధంపై పరిశోధనలు చేసింది. మొదట మనకు దగ్గరలోని కంటి డాక్టరుకు చూపించి, అవసరమైతే పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోవచ్చు.

మనం చేయవలసింది

మన ఇళ్ళలో చాలావరకు చదువుకున్న మొదటి తరం మనమే. ఆసుపత్రి చీటీ చదివేది మనమే, డాక్టరును అడగాల్సిందీ మనమే. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నల కళ్ళలోకి వెలుతురులో ఒకసారి చూడండి. పసరు, చనుబాలు, ఆముదం పోయనివ్వకండి. ఎండలోకి పోయేటప్పుడు టోపీ, కళ్ళద్దాలు పెట్టుకోమని చెప్పండి. ఎవరికైనా కంట్లో కండ తీస్తే, "తీసిన ముక్కను పరీక్షకు పంపారా? రిపోర్టు ఎప్పుడిస్తారు?" అని అడగండి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా వదలకండి.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జువాలజీ)