బ్రిడ్జిలో పాట – ఒక ఇంటి పద్ధతి

బ్రిడ్జిలో పాట యనగా తన చేతి బలమును జతగానికి తెలుపు భాష. తీరికవేళల నాడువారికి దీర్ఘ పద్ధతులు గుర్తుండవు. ఇంట కల్పించుకొన్న ఈపాటి కట్టుబాటు చాలును.

మిల్టన్ వర్కు ప్రచారమునకు తెచ్చిన లెక్కయే దీనికి పునాది: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1; కట్ట మొత్తమునకు 40. చేత 13 ఉన్నవాడు తన పొడవైన రంగును ఒకటిగా పాడవలెను. ఒకటి యన్న 7 పట్లు పట్టుదునని పూనుకొనుట. జతగాడు 6కు తక్కువైన పాసు. 9 వరకు, ఆ రంగున నాలుగు ముక్కలున్న రెండునకు పెంచును. లేనిచో ఒకటి దాటక తన రంగునో, నో ట్రంపునో పాడును. 10 మొదలు, రెండునకును వెనుదీయనక్కరలేదు.

ఇరువురివి కలసి 26 అని తోచినచో ఇస్పేటు, ఆఠీనులలో నాలుగు, నో ట్రంపులో మూడు పాడవచ్చును. కళావరు, డైమనులకు 11 పట్లు కావలెను గనుక అటు పోకుండుటయే నాకిష్టము.

ఈ కట్టుబాటును ఆటకు ముందే ఎదుటిజతకును చెప్పవలెను. దగ్గుటయు, కనుబొమ లెగురవేయుటయు పాటలు కావు.