రైలు దిగి ఓడెక్కాలంటే

ప్రశ్న: మాది తాండూరు. అమ్మానాన్నలతో రైల్లో ముంబయి వెళ్లి, అదే రోజు గోవా క్రూజ్ ఎక్కొచ్చా?

జవాబు: కాగితం మీద కుదురుతుంది, అయినా వద్దు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ వికారాబాద్, తాండూరుల్లో ఆగి, వాడి జంక్షన్ మీదుగా మర్నాడు పొద్దున్నే ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్ చేరుతుంది. బల్లార్డ్ పియర్ క్రూజ్ టెర్మినల్ అక్కడికి దగ్గరే. చిక్కల్లా ఆలస్యంతోనే. రెండూ వేర్వేరు టికెట్లు; రైలు లేటైందని ఓడ ఆగదు. పైగా బయలుదేరడానికి చాలా ముందే చెకిన్ మూసేస్తారు.

ఒక రోజు ముందే చేరండి. అమ్మ కట్టే పులిహోర రైల్లోనే ముగించండి, బయటి వంటకాలను ఓడలోకి సాధారణంగా రానివ్వరు. మందులు, ఒరిజినల్ గుర్తింపు కార్డులు చేతి సంచిలోనే ఉండాలి.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం అల్లకల్లోలం. దసరా దాటాక వెళ్లండి.

పెద్దవాళ్లకు గుండెజబ్బు, తల తిరుగుడు ఉంటే మాత్రం టికెట్ కొనకముందే డాక్టర్‌కు చూపించండి.