గ్రీకు పాఠంలో నాన్నకూ చోటుంది

సమస్య

అక్కా,

మాది గోదావరిఖని. మా ఆయన సింగరేణిలో, భూగర్భ బొగ్గు గనిలో పైకప్పుకు ఊతాలు పెట్టే సపోర్ట్‌మన్. నేను బీకాం చదివి ఇంట్లోనే ఉంటున్నాను. మా పాపకు పదకొండేళ్లు. ఆస్తమా వల్ల నెలలో సగం రోజులు బడికి పోలేకపోయేది, పోయిన రోజున వెనకబడ్డానని ఏడ్చేది. అందుకే నిరుటి నుంచి బడి మాన్పించి నేనే ఇంట్లో చదువు చెబుతున్నాను. లెక్కలు, సైన్సు, తెలుగు బాగానే నడుస్తున్నాయి.

చిక్కంతా చరిత్రతోనే. మా తమ్ముడు పాత చందమామల బైండు ఒకటి తెచ్చిచ్చాడు. అందులో ‘రూపధరుని యాత్రలు’ చదివి, అది గ్రీకుల కథ అని తెలుసుకున్నప్పటి నుంచి దానికి గ్రీకు చరిత్ర తప్ప ఇంకోటి పట్టడం లేదు. ఆ పేర్లు నాకు నోరు తిరగవు. రాత్రి నేను చదువుకొని పొద్దున దానికి చెబుతున్నాను. మొన్న అడిగింది: “ఏథెన్స్‌ల ప్రజలే రాజ్యం ఏలిన్రంటివి గదమ్మా, మరి బానిసలెందుకున్నరు? వాళ్లు ప్రజలు కాదా?” నాకు జవాబు తోచలేదు. పుస్తకం మూసి, లెక్కలు తియ్యమన్నాను.

మా అత్తమ్మ “మన కాకతీయుల ముచ్చటే సక్కగ తెల్వది, ఎక్కడి గ్రీకులు బిడ్డా” అంటుంది. మా ఆయన మాత్రం ఏమీ అనడు. డ్యూటీ దిగి వచ్చి, మేం చదువుతుంటే దూరంగా కూర్చుంటాడు. పాప ఏదన్నా అడగబోతే “నాకేం తెల్సు, బాయి (గని) పనోణ్ణి, అమ్మనడుగు” అంటాడు. ఇప్పుడు అది ఆయన్ను అడగడమే మానేసింది.

గ్రీకు చరిత్ర మాన్పించాలా? చెప్పాలంటే నాలాంటిది ఎట్లా చెప్పాలి?

– ఒక తల్లి, గోదావరిఖని

సలహా

చెల్లెమ్మా,

మాన్పించకండి. మొదలుపెట్టే చోటు మాత్రం మార్చండి. మీ ఇంట్లో ఈ పాఠానికి బాగా పనికొచ్చే మనిషి ఒకరున్నారు. ఆయన దూరంగా కూర్చుంటున్నారు.

ఏథెన్స్ గొప్పతనం వెనక ఒక గని ఉంది. నగరానికి ఆగ్నేయంగా, సముద్రం ఒడ్డున లారియన్ అనే చోట వెండి కలిసిన సీసపు ఖనిజం తవ్వేవారు. క్రీ.పూ. 483 ప్రాంతంలో అక్కడ మంచి పొర తగిలింది. వచ్చిన లాభాన్ని మనిషికి 10 ద్రాక్మాల (వెండి నాణేల) చొప్పున పౌరులకు పంచుదామని అనుకున్నారట. థెమిస్టోక్లీస్ అనే నాయకుడు వద్దని, ఆ డబ్బుతో యుద్ధనౌకలు కట్టిద్దామని ఒప్పించాడు. 200 నౌకలని హెరొడోటస్ రాశాడు. మూడేళ్లకు, క్రీ.పూ. 480లో, సలామిస్ దగ్గర పర్షియా చక్రవర్తి నౌకాదళాన్ని ఓడించడంలో ఆ నౌకలదే ముఖ్య పాత్ర. ఏటా దసరా ముందు లాభాల వాటా ఎంత శాతమని ఎదురుచూసే ఇంట్లో పెరిగిన పిల్ల ఇది. ఆ పౌరుల సభలో తనుంటే పంపకానికి చెయ్యెత్తేదా, నౌకలకా అని అడగండి. మీ ఆయన్నూ అడగండి. ఇద్దరూ వాదించుకోనివ్వండి.

తర్వాత గని లోపలికి తీసుకెళ్లండి. లారియన్ సొరంగాలు చాలాచోట్ల మీటరు ఎత్తు కూడా ఉండవు. మోకాళ్ల మీద పాకుతూ, పక్కకు ఒరిగి పడుకొని, నూనె దీపం వెలుగులో ఉలీ సుత్తీతో తవ్వేవారు. పైకప్పు కూలకుండా మధ్యమధ్య ఖనిజాన్నే స్తంభాలుగా వదిలేసేవారు. ఆ స్తంభాలను ముట్టుకోవడం నేరం. క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో డిఫిలస్ అనేవాడు వాటిని తవ్వేసి సొమ్ము చేసుకున్నాడని, లికర్గస్ అనే వక్త అతని మీద అభియోగం మోపితే మరణశిక్ష పడిందని ప్లూటార్క్ పేరిట చెలామణీ అయ్యే ఒక గ్రంథంలో ఉంది.

ఈ కథ చెప్పి మీరు ఆగిపోండి. మీ దగ్గరి భూగర్భ గనుల్లో బొగ్గు తీసేది చాలావరకు, మధ్యమధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలే బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలోనే. పిల్లర్ ఎందుకు వదులుతారు, అది చితికితే ఏమవుతుంది, రాడ్‌తో రూఫ్ కొట్టి చూసినప్పుడు గట్టి రూఫ్ ఎట్లా మోగుతుంది, వదులైన రూఫ్ ఎట్లా మోగుతుంది – ఇవి పుస్తకం చదివిన నాకూ మీకూ తెలియవు. సపోర్ట్‌మన్‌కు తెలుసు. డిఫిలస్‌కు ఆ శిక్ష న్యాయమేనా అని పాప అడగాల్సింది నాన్ననే. ఆయన చెప్పింది తన నోట్‌బుక్‌లో రాసుకోమనండి, పైన నాన్న పేరు పెట్టి.

ఇక ఆ బానిసల ప్రశ్న. పదకొండేళ్ల పిల్ల దాన్ని అడిగిందంటే మీరు చరిత్ర బాగానే చెబుతున్నారని అర్థం. జవాబు దాచకండి. ఏథెన్స్ ప్రజాస్వామ్యం పౌరులైన మగవాళ్లది. స్త్రీలకు, బానిసలకు, బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు అందులో ఓటు లేదు. లారియన్‌లో తవ్వినవాళ్లలో ఎక్కువమంది బానిసలే. నికియాస్ అనే ధనికుడు 1,000 మంది బానిసలను గనులకు, తలకు రోజుకు ఒక ఒబోల్ చొప్పున అద్దెకిచ్చాడని జెనొఫోన్ రాశాడు. ఒబోల్ అంటే ద్రాక్మాలో ఆరో వంతు. అది కూడా యజమానికే. క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం డెసీలియాలో తిష్ఠ వేసినప్పుడు 20,000 మందికి పైగా బానిసలు ఏథెన్స్‌ను వదిలి పారిపోయారని థుసిడిడీస్ రాశాడు. వాళ్లు తమ మాట రాసి పెట్టుకునే వీలు లేకపోయింది కానీ, కాళ్లతో చెప్పారు. అదే రోజు పాపకు ఇంకో సంగతి చెప్పండి: 2023 డిసెంబరులో సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగితే కార్మికులు రహస్య బ్యాలెట్‌తో ఓటేశారు. లారియన్‌లో తవ్విన మనిషికి లేనిదీ, నాన్నకు ఉన్నదీ ఏమిటో తనకే తెలిసిపోతుంది.

మీ అత్తమ్మగారి మాటను కొట్టిపారేయకండి. మన చరిత్ర తెలియాలన్న ఆవిడ కోరిక న్యాయమైనది. అయితే ఆ రెండు చరిత్రలూ మన నేల మీదే కలుస్తాయి. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఆయన పదమూడో శిలాశాసనం అంతియోకస్, టాలెమీ మొదలైన ఐదుగురు గ్రీకు రాజులను పేరు పెట్టి చెబుతుంది. ఆంధ్రుల పేరూ అదే శాసనంలో ఉంది. గోదావరి వెంట మీకు ఎగువన ఉన్న కోటిలింగాల, మీ పెద్దపల్లి జిల్లాలోనే ఉన్న ధూళికట్ట స్తూపం శాతవాహన కాలపు చోట్లు. పాప ఆరోగ్యం బాగున్న ఒక ఆదివారం అత్తమ్మగారిని కూడా తీసుకొని వెళ్లి రండి. కాకతీయులకు వెయ్యేళ్ల ముందే ఇక్కడ ఊళ్లున్నాయని ఆవిడే మనవరాలికి చెబుతారు.

మీరు అన్నీ ముందే తెలుసుకొని చెప్పనక్కర్లేదు. ప్రతి పాఠంలో రెండు ప్రశ్నలు అలవాటు చేయండి: ఇది ఎవరు చెప్పారు? ఆయనకెట్లా తెలుసు? ఉదాహరణకు, చంద్రగుప్త మౌర్యుని కొలువుకు గ్రీకు రాయబారిగా వచ్చిన మెగస్తనీసు పుస్తకం ‘ఇండికా’ ఇప్పుడు లేదు, ఇతరులు ఎత్తి రాసుకున్న ముక్కలే మిగిలాయి. ఆంధ్రులకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అది మెగస్తనీసు నుంచి వచ్చిందే అయ్యుంటుందని పండితులు అంటారు. ఆ ఏనుగులను ఎవరు లెక్కపెట్టారు? ఈ ఒక్క ప్రశ్న మీద తల్లీబిడ్డలు ఒక పూట గడపొచ్చు. చందమామలో చదివిన ‘రూపధరుని యాత్రలు’ కథ. సలామిస్ యుద్ధం చరిత్ర. ఈ తేడా కూడా ఆ రెండు ప్రశ్నలతోనే తెలుస్తుంది.

గోడకు ఒక పొడవాటి కాగితం అంటించి, పైన గ్రీకు సంగతులు, కింద మన సంగతులు రాయించండి. 490 మారథాన్, 480 సలామిస్, 399 సోక్రటీస్ మరణం, 323 అలెగ్జాండర్ మరణం. క్రీస్తు పూర్వపు ఏళ్లు వెనక్కి లెక్కకొస్తాయి కాబట్టి పిల్లలు అక్కడే తడబడతారు. గోడ మీద కనిపిస్తే ఆ తడబాటు పోతుంది. పేర్లు నోరు తిరగకపోతే తిరిగినంత వరకే పలకండి.

చరిత్రకు వారానికి రెండు పూటలు చాలు, లెక్కల టైము దానికి ఇవ్వకండి. పరీక్షల గురించి బెంగ వద్దు. 14 ఏళ్లు నిండితే తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ, జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా గానీ పదో తరగతి రాయొచ్చు. డాక్టరు సరేనన్నంత మేరకు సాయంత్రాలు కాలనీ పిల్లలతో ఆడుకోనివ్వండి. ఇంట్లో చదువంటే ఒంటరి చదువు కాకూడదు.

గని ప్రాంతంలో పిల్లలకు ఇంట్లో చదువు చెప్పుకునే తల్లులందరికీ నేను చెప్పేది ఒకటే: బాయిలో పని చేసి వచ్చిన మనిషిని పాఠానికి బయట కూర్చోబెట్టకండి. ఆయనకు తెలిసింది చదువే.