ముందు తిననివ్వండి!

ప్రశ్న: మా ఫ్యాక్టరీలో భోజన విరామంలో ఆరోగ్య ప్రసంగాలు పెడితే, రెండో వారానికే జనం తగ్గిపోయారు. ఏం చేయాలి?
– హెచ్‌ఆర్ ఉద్యోగి, పటాన్‌చెరు

జవాబు: ఆకలి మీదున్నవాళ్లకు అరగంట ప్రసంగమంటే విసుగే. ముందు తిననివ్వండి; ఆపైన పావుగంట, ఒకే విషయం, అదీ పనిగంటల లెక్కలోనే. మొదటి విషయంగా బీపీని ఎంచుకోండి. పావుగంటలో ఏం నేర్పగలమంటారేమో! బీపీని పెంచే ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అంత ఉప్పు చెంచాతో కొలిచి, క్యారేజీలోని ఆవకాయ, అప్పడం పక్కన పెట్టి చూపిస్తే స్లయిడ్లే అక్కర్లేదు. బీపీ చాలామందిలో పైకి కనబడదు కాబట్టి చెప్పి వదిలేయకండి. షిఫ్టుకు ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టి కొలిపించండి. రీడింగులు సూపర్‌వైజర్ల కంటపడితే మాత్రం ఎవరూ చెయ్యి చాపరు. 140/90 లేదా అంతకు మించి మళ్లీమళ్లీ వస్తే డాక్టరుకు చూపించమనండి. 180/120 దాటి ఛాతీనొప్పో, మాట తడబాటో ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి.