ఉద్దెర ఖాతా, గిరిగిరి అప్పు

సమస్య

మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం ఉంది. మా మామ పెట్టిన దుకాణం, ఇప్పుడు మా ఆయన నడుపుతున్నారు. పర్వతగిరి, వర్ధన్నపేట, నర్సంపేట వైపు రైతులు వస్తారు. వానాకాలం మొదట్లో సరుకు ఉద్దెర పట్టుకుపోయి, పత్తి అమ్మినంక కడతారు. రెండేళ్లుగా ఆ కట్టడం సరిగ్గా లేదు. ఒకసారి వానలు ముంచాయి, ఇంకోసారి మిర్చి ధర పడిపోయింది.

రైతుల దగ్గర మాకు 38 లక్షలు ఆగిపోయింది. డిస్ట్రిబ్యూటర్‌కు మేం 14 లక్షలు ఇవ్వాలి. రెండు రూపాయల మిత్తికి 8 లక్షలు తెచ్చారు. నా బంగారం బ్యాంకులో 6 లక్షలకు ఉంది. మొన్న నాకు చెప్పకుండా గిరిగిరి వాళ్ల దగ్గర లక్ష రాసిచ్చి 90 వేలు తెచ్చారు, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. మృగశిర కార్తెలోపు సగం బాకీ అన్నా కట్టకపోతే కొత్త సరుకు ఇయ్యనంటున్నాడు డిస్ట్రిబ్యూటర్. హసన్‌పర్తిలో మా నాన్న నాకు పెళ్లప్పుడు ఇచ్చిన ప్లాటు అమ్మేద్దామని మా బావగారి మాట. ఉద్దెర ఆపేద్దామంటే రైతులు పక్క దుకాణానికి పోతారని మా ఆయన భయం. రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ఖాతా పుస్తకం అడిగితే కోప్పడుతున్నారు. ఏం చేయమంటారు?

— ఒక సోదరి, వరంగల్

సలహా

అమ్మా, ప్లాటు ఇప్పుడే అమ్మకండి. ఇవాళ అమ్మితే ఆ పైసలు డిస్ట్రిబ్యూటర్‌కు పోతాయి, కొత్త సరుకు వస్తుంది, ఆగస్టు వచ్చేసరికి అదంతా మళ్లీ ఉద్దెర ఖాతాలోకి ఎక్కుతుంది. వచ్చే ఎండాకాలం మీరు ఇదే ఉత్తరం రాస్తారు, అప్పటికి ప్లాటు ఉండదు.

కాగితం మీద చూస్తే రావాల్సినవి 38 లక్షలు, ఇవ్వాల్సినవి 29 లక్షల దాకా. దుకాణం బాగానే ఉన్నట్టు కనబడుతుంది. రావాల్సింది ఏడాదికోసారి వస్తుంది, కట్టాల్సింది రోజూ ఉంటుంది. మీ ఇంటిని తినేస్తున్నది ఈ తేడానే.

ఒక యూరియా బస్తా లెక్క చూడండి. 45 కిలోల బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. డీలరుకు అందులో మిగిలేది ఇరవై రూపాయల లోపే. ఆ బస్తాను ఆరు నెలలు ఉద్దెర ఇస్తే, రెండు రూపాయల మిత్తి లెక్కన మీకు పడే భారం 32 రూపాయలు. ఎక్కువ ధరకు అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. అంటే ఉద్దెరకు ఇచ్చిన ప్రతి యూరియా బస్తా మీదా మీరు జేబులోంచి కడుతున్నారు. పురుగుమందులో నూటికి పదిహేను మిగిలినా, 85 రూపాయల సరుకుకు ఏడు నెలల మిత్తి దాదాపు పన్నెండు రూపాయలు. మిగిలిన మూడు రూపాయల్లో కిరాయి, కరెంటు, జీతం, ఎగ్గొట్టినవాళ్ల బాకీ. మీ ఆయన ఎంత కష్టపడ్డా అందులోంచి ఏం మిగులుతుంది?

గిరిగిరి సంగతి ముందు తేల్చండి. చేతికొచ్చింది 90 వేలే, అసలు మొదటి రోజు నుంచే తరుగుతూ ఉంటుంది. ఆ లెక్కన చూస్తే మిత్తి ఏడాదికి 70 శాతం దాటుతుంది. రోజూ గల్లా నుంచి వెయ్యి తీస్తే మర్నాటి సరుకుకు ఉండదు, దానికోసం ఇంకో గిరిగిరి. ఈ సీజన్‌లో వసూలైన మొదటి పైసలు ఇక్కడే కట్టి, రాసిచ్చిన నోటు, ఖాళీ చెక్కు ఉంటే అదీ వెనక్కి తీసుకోండి. తర్వాత ఆ 8 లక్షలు. నెలకు 16 వేలు మిత్తికే పోతోంది. ముద్రా రుణం 10 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, వ్యాపారులకూ వర్తిస్తుంది. దానికి ఐటీ, జీఎస్టీ రిటర్నులు, ఖాతాలో లావాదేవీలు చూస్తారు కాబట్టి రోజు అమ్మకం బ్యాంకులో వేయడం ఇవాళే మొదలుపెట్టండి. బంగారం చివరకు, దాని గడువు తేదీ మాత్రం మర్చిపోవద్దు.

డిస్ట్రిబ్యూటర్ పిలవకముందే మీరిద్దరూ వెళ్లండి. ఇప్పుడు ఎంత కట్టగలరో, మిగతాది పత్తి వచ్చే డిసెంబరు, జనవరిలో ఎంతెంతో కాగితం మీద పెట్టి చూపించండి. కొత్త సరుకు నగదుకు, కొద్దిగానే అడగండి. గడువు తీరబోతున్న మందు డబ్బాలు తిరిగి తీసుకుంటాడేమో అప్పుడే అడగాలి. ఖాతాలో పైసలు ఉండని తేదీకి చెక్కు మాత్రం రాయనివ్వకండి. చెక్కు తిరిగొచ్చి నోటీసు వస్తే కట్టడానికి పదిహేను రోజులే, తర్వాత అది కోర్టు కేసు.

ఇప్పుడు ఆ 38 లక్షలు. ఈ ఏడాది ఇచ్చింది, పోయినేటిది, అంతకు ముందుది వేరువేరుగా రాయండి. మూడేళ్లు దాటితే బాకీ అడిగే హక్కు చట్టంలో బలహీనపడుతుంది, అందుకే ఆలోపే తేదీతో ఒప్పుదల సంతకం తీసుకోవాలి. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మిన పత్తి పైసలు నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2025-26లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఎవరికి ఎప్పుడు పడిందో తెలుసుకుని ఆ వారంలోనే అడగండి. నెల దాటితే ఆ పైసలు పెళ్లికో, ఆస్పత్రికో పోతాయి.

ఆ పేర్లలో కౌలు రైతులు ఎందరో గుర్తు పెట్టండి. భూమి పేరు మీద లేక పెట్టుబడి సాయం అందదు, పంట రుణం దొరకడం కష్టం, అందుకే మీ గడప తొక్కుతారు. వాళ్ల ఇంటి మీదకు మనిషిని పంపొద్దు. నలుగురైదుగురు కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపుగా బ్యాంకు రుణానికి పోవచ్చని చెప్పి, ఆ దారి చూపించండి.

బాకీ కోసం రైతును ఇరుకున పెట్టొద్దన్న మాట ఊరికే అనడం లేదు. 1997-98లో మన జిల్లాలో పత్తిని పురుగు తిన్నప్పుడు రైతుకు విత్తనం అమ్మిందీ, ఏ మందు కొట్టాలో చెప్పిందీ, అప్పు ఇచ్చిందీ చాలా ఊళ్లలో ఒకే దుకాణం. బాకీ ఉన్న రైతు ఆ దుకాణదారు ముందు బేరమాడలేడు, ఈ మందు వద్దని చెప్పలేడు. పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఆ చలికాలం వరంగల్ పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా వార్తయ్యాయి. పాత బాకీ రాబట్టుకోవడానికి ఇంకో రెండు డబ్బాలు అంటగట్టే ఆలోచన ఎప్పుడొచ్చినా ఆ ఏడాదిని తలుచుకోండి.

అందుకే ఈ వానాకాలం నుంచి ఎరువులు, విత్తనాలు నగదుకే. మందులు మాత్రం పాత బాకీలో సగం కట్టినవాళ్లకు, మనిషికింత అని హద్దు పెట్టి ఇవ్వండి. కొందరు పక్క దుకాణానికి పోతారు, నిజమే. పోయేవాళ్లలో ఎక్కువమంది మీకు కట్టనివాళ్లే అయి ఉంటారని నా నమ్మకం.

మీ ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. పుస్తకం చూపించమని అడిగే బదులు, పేర్లు చెప్పండి నేను రాస్తాను అని కూర్చోండి. నిద్ర పట్టకపోవడం, దిగులు తగ్గకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఒక పంట ఈ పద్ధతిలో నడిచాక, సంక్రాంతి తర్వాత లెక్క చూడండి. నిజంగా వసూలయ్యే బాకీ మీ అప్పులకంటే తక్కువని తేలితే, అప్పుడు ప్లాటు మాట ఆలోచించవచ్చు. అదీ మిత్తి అప్పు తీర్చడానికే, సరుకు కొనడానికి వద్దు. అది మీ నాన్న మీకిచ్చిన ఆస్తి, సంతకం మీదే. బావగారికి ఆ సంగతి మీ ఆయన చేతే చెప్పించండి.