మధుమేహ బాలలు - వేసవి శిబిరములు

మధుమేహమనగానే నడివయస్సు దాటినవారే మనకు స్ఫురింతురు. పాఠశాలకు పోవు పిల్లలకు సాధారణముగా వచ్చు మధుమేహము వేరు. శరీరములోని రక్షణశక్తియే పొరబడి, క్లోమములో ఇన్సులిన్‌ను తయారుచేయు కణములను నాశనము చేయును. తీపి తిన్నందువలన గాని, తల్లిదండ్రుల అశ్రద్ధవలన గాని అది రాదు. 1922 జనవరిలో టొరంటో నగరమున లెనర్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునికి మొదటిసారిగా ఇన్సులిన్ ఇచ్చువరకు ఇట్టి పిల్లలకు మరణమే గతి.

ప్రాణము దక్కినది, మరి బాల్యము? రోజుకు పలుమార్లు సూదిమందు, కొలత ప్రకారము భోజనము, ఆటకు పోవుటకు జంకు. బడిలో అట్టి బిడ్డ తరచుగా ఒక్కడే యుండును. ఈ ఒంటరితనమునకు మందుగా పుట్టినవే శిబిరములు. 1925లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున డాక్టర్ లెనర్డ్ వెండ్ట్ మొదటి శిబిరమును నడిపెను. 1932లో మసాచుసెట్స్‌లో బాలికలకై క్లారా బార్టన్ పేర మరొకటి వెలసినది. పిల్లలు ఈదుదురు, పరుగెత్తుదురు; వైద్యులు, నర్సులు వెంట నుందురు. ఇంట తల్లిచేతనే సూది వేయించుకొను పిల్ల, ప్రక్కమంచము పిల్ల తనంతట తాను వేసికొనుట చూచి ధైర్యము తెచ్చుకొనును. ఆ పాఠము ఏ పుస్తకమును చెప్పజాలదు.

ఈ ఆలోచనను కర్నూలు, కడపలకు తెచ్చునపుడు 'వేసవి' అను మాట దగ్గరనే చిక్కు. వారి వేసవి హాయిగొల్పు కాలము. మన మే నెల సంగతి చెప్పనక్కరలేదు. ఎండకు చర్మములో రక్తప్రసరణ హెచ్చి ఇన్సులిన్ త్వరగా ఒంటబట్టును. ఆటయు తోడైనచో రక్తములో చక్కెర ఉన్నట్టుండి పడిపోవును. చెమటలు, వణుకు, తికమక దాని గుర్తులు. మన ఎండలో వీటిని వడదెబ్బ యని భ్రమించు ప్రమాదము కలదు. వెంటనే మూడు టీచెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషములకు మరల పరీక్షింపవలెను. స్పృహ లేని బిడ్డ నోట ఏమియు పోయరాదు. ఇన్సులిన్ సీసాయు ఎండకు చెడును. కరెంటు పోవు పల్లెలలో తడియిసుక నడుమ నుంచిన మట్టికుండ కొంత ఆదుకొనును. పొడిగాలిలో కుండ బాగుగా చల్లబడును. మన సీమ కరవుగాలి చేయు ఉపకారము ఇదొక్కటే కాబోలు!

కనుక ఇచట శిబిరమును దసరా సెలవులలోనో సంక్రాంతికో జరుపుట మేలు. వేసవియే కావలెనన్నచో మదనపల్లె దగ్గర హార్సిలీ కొండ యున్నది. వంట మాత్రము మనదే కావలెను. 'రాగిసంగటి ఎంత తిన్నను షుగరు రాదు' అను నమ్మకము వీరి విషయమున ప్రమాదకరము. ముద్దలో పిండిపదార్థ మెంతయో పిల్లలే తూచి నేర్వవలెను. ఓళిగను, రంజాన్ పండుగనాటి షీర్‌ఖుర్మాను నిషేధించుటకంటె లెక్కించుట నేర్పుటయే మంచిది.

ఆడపిల్లల విషయమున మరొక బాధ కలదు. పెండ్లి సంబంధము తప్పునను భయమున ఇండ్లలో జబ్బును దాచుదురు. దాచవలసిన పిల్ల చుట్టములయింట సూది మానును. అది ఒకటి రెండు దినములలోనే ప్రాణము మీదికి తెచ్చును. రహస్యముతో పనిలేని పదిదినములు ఆమెకు దొరకుటయే శిబిరమువలన పెద్ద లాభమని మా అభిప్రాయము. తల్లులను గూడ ఒకదినము పిలువవలెను.

వైద్యులను కర్నూలు వైద్యకళాశాలనుండి కోరవచ్చును. రాత్రి రెండు గంటలకు, నిద్రించు పిల్లల వ్రేలినుండి రక్తపుచుక్క తీసి చూచుటకు మేల్కొనువారు కూడ కావలెను; పగలెల్ల ఆడిన బిడ్డకు చక్కెర పడిపోవుట ఆ వేళనే ఎక్కువ. మన ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు నర్సుల ప్రక్కన నిలిచి ఆ పని నేర్వవచ్చును.