కీళ్ళనొప్పియు మనోవ్యధయు

వృద్ధాప్యమున దేహమును బాధించు వ్యాధులలో కీళ్ళ అరుగుదల ముఖ్యమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2019లో సుమారు 52 కోట్ల 80 లక్షల మంది దీనితో బాధపడుచుండిరి. వారిలో నూటికి 73 మంది 55 ఏండ్లు దాటినవారే. మోకాలు దీనికెక్కువగ గురియగును.

ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి క్షీణించుటచే కీలు బిగిసి నొప్పి కలుగును. నొప్పిచే నిద్ర చెడును. నిద్రలేమిచే చింత హెచ్చును. చింతచే నొప్పి మరింత తీవ్రముగ తోచును. నొప్పికి వెరచి కదలకున్నచో కండరములు బలహీనమై బాధ పెరుగును.

అయినను వృద్ధులను క్రుంగదీయునది నొప్పి యొక్కటియే కాదు. ఏండ్ల తరబడి నేలపై కూర్చుండి ఇష్టలింగార్చన చేసినవారికి మోకాళ్ళు ముడువరాకపోవుట, ఇంటిల్లిపాదికి వండిపెట్టిన తల్లికి బిందె ఎత్త శక్తి లేకపోవుట దుస్సహము. “ఇక నేనెవరికిని కొరగాను” అను భావమే ఆ వ్యధకు మూలము.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున కేట్ లోరిగ్ అను విదుషి 1970వ దశకాంతమున కీళ్ళవ్యాధి గలవారికి స్వయంసంరక్షణ శిక్షణ నారంభించెను. 1989లో ప్రకటింపబడిన పరిశీలనలలో ఒక విశేషము తేలినది. వ్యాయామాదుల నెంత మార్చుకొనిరను దానికంటె, బాధను తాము అదుపు చేయగలమను విశ్వాసమే వారికి కలిగిన మేలుతో ఎక్కువ సంబంధము కలిగియుండెను.

అట్టి విశ్వాసము చిన్న ప్రయత్నములచే అలవడును. ఉదయము వేడి కాపడము పెట్టుకొనుట, వైద్యుని సలహాపై తొడకండరములకు బలమిచ్చు వ్యాయామము చేయుట, పనుల నడుమ విశ్రమించుట, నొప్పి గల మోకాలికి రెండవ వైపు చేతితో కర్ర పట్టుట మేలు. నేలపై కూర్చుండలేనివారు కుర్చీపై కూర్చుండి పూజ చేసికొనవచ్చును. ఏకాగ్రత చిత్తమునకు సంబంధించినది, మోకాళ్ళకు కాదు. నొప్పి మాత్రలను స్వేచ్ఛగ వాడరాదు. అవి కడుపునకు, మూత్రపిండములకు కీడు చేయగలవు. కీళ్ళు ఎర్రబడి వాచినను, ఉదయపు బిగువు గంటకు మించినను, నిరాశ వారముల తరబడి వీడకున్నను వైద్యుని చూడవలెను.

కుటుంబమువారి కర్తవ్యమును గలదు. “మీరు కదలవద్దు” అని పనులన్నియు తామే చేయుట ప్రేమచేతనే కావచ్చును. కాని పెద్దల నిస్సహాయతను అది పెంచును. ఏ సాయము కావలెనో వారినే అడుగవలెను. బియ్యము ఏరుట, ఇంటి లెక్కలు వ్రాయుట, మనుమలకు చదువు చెప్పుట వంటివి వారికి విడువవలెను. సత్యశుద్ధమైన ఏ కాయకమును తక్కువ కాదనునది బసవేశ్వరుని బోధ. నొప్పి పూర్తిగ పోకున్నను, తన పాలి పని తనకున్నదను తృప్తి వృద్ధులకు ఊతమగును.